ఉద్యోగి కనిపెట్టింది కంపెనీదేనా? అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో చూడాల్సినవి

జీతం ఇస్తున్నాం కాబట్టి ఉద్యోగి చేసిందంతా మాదేనని చాలామంది యజమానుల ధీమా. సగమే నిజం. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, మాన్యువల్ లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 కంపెనీనే మొదటి హక్కుదారుగా చూస్తుంది. 1970 పేటెంట్ల చట్టంలో మాత్రం అలాంటి వెసులుబాటు లేదు. కనిపెట్టిన మనిషి దగ్గర హక్కు రాయించుకోవాల్సిందే.

ఆ రాతలో క్రియాపదమే కీలకం. "హక్కులు బదిలీ చేస్తాను" అంటే ఒట్టి మాట ఇవ్వడం. "ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను" అని ఉండాలి. ప్లాటు అమ్ముతానన్న అగ్రిమెంటుకీ సేల్ డీడ్‌కీ ఉన్న తేడా అది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడొకరు యూనివర్సిటీకి మొదటి రకం కాగితం ఇచ్చి, తర్వాత సీటస్ కంపెనీ ల్యాబ్‌లో పని నేర్చుకోవడానికి వెళ్లి, అక్కడ రెండో రకం దాని మీద సంతకం పెట్టారు. సీటస్ నుంచి ఆ హక్కులు కొనుక్కున్న రోష్ అనే కంపెనీ మీద స్టాన్‌ఫర్డ్ వేసిన దావా నిలబడలేదు; 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం మారలేదు.

ఒప్పందం ఉన్నా ప్రతి ఆవిష్కరణకూ విడిగా సంతకం తీసుకోండి. పేటెంట్ దరఖాస్తు వేశాక హక్కు రుజువు చూపడానికి గడువు 6 నెలలే; ఆలోగా మనిషి రాజీనామా చేసి వెళ్లిపోతే తంటా. చేరే రోజే ఉద్యోగి పాత సొంత ప్రాజెక్టుల జాబితా అనుబంధంగా జతచేస్తే తర్వాత పేచీ ఉండదు.

ఫ్రీలాన్సర్‌కు కాపీరైట్ చట్టం సెక్షన్ 17లోని ఉద్యోగుల నియమం వర్తించదు. కాపీరైట్ రాతపూర్వకంగా బదిలీ కావాలి. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోగా వాడకపోతే హక్కు వెనక్కి పోతుంది, పోదని ఒప్పందంలో రాసుకుంటే తప్ప.

మన దగ్గర వ్యాపార రహస్యాలకంటూ ప్రత్యేక చట్టం లేదు, ఆధారం ప్రధానంగా ఒప్పందమే. "కంపెనీ సమాచారమంతా రహస్యం" అని రాస్తే కోర్టులో తేలిపోతుంది. సోర్స్ కోడ్, కస్టమర్ల రేట్లు, రియాక్టర్ ఉష్ణోగ్రతల పట్టిక అని పేరుపేరునా రాయండి. అప్పటికే బయట తెలిసినవి మినహాయించండి.

ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద చెల్లదు. దాని మీద సిరా దండగ. మిగతా షరతులు మీరితే 50 లక్షల జరిమానా అని రాసుకున్నా అదే చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించని సబబైన పరిహారమే. చివరి రోజు ల్యాప్‌టాప్ తీసుకోవడంతో ఆగకండి: గిట్‌హబ్ (కోడ్ దాచే సైటు), డ్రైవ్ యాక్సెస్ అదే సాయంత్రం తీసేసి, ఫైళ్లేవీ దగ్గర పెట్టుకోలేదని సంతకం తీసుకోండి.