సూదితో శాంతి - 4వ పాఠం: గోనెపట్టా మీద అతుకు బొమ్మ

పోయిన పాఠంలో పాత చీర ముక్కలను పేర్చి, రన్నింగ్ స్టిచ్‌తో చిన్న బొంత కుట్టాం. కుట్లు వంకర పోయాయని ఇద్దరు ముగ్గురు అక్కలు బాధపడ్డారు. పోనీయండి. కుట్టిన చెయ్యి కనపడాలనే మనం మిషన్ పక్కన పెట్టి సూది పట్టుకున్నాం.

ఈసారి బట్ట మారుస్తున్నాం. అనంతపురం పల్లెల్లో శెనక్కాయలు నింపే గోతం తెలియని ఇల్లు ఉండదు. అలాంటి పాత గోతం ఒకటి వెతికి పెట్టుకోండి. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, జనపనారతో నేసిందే కావాలి.

గోనె ఎందుకో చెప్తాను. 1973లో చిలీ దేశంలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చి అధికారం పట్టుకుంది. ఆ సైన్యాధిపతి పినోచె పాలనలో ఎంతోమందిని పట్టుకుపోయారు. చాలామంది ఇక తిరిగి రాలేదు, శవాలు కూడా దొరకలేదు. వాళ్ల తల్లులూ భార్యలూ రాజధాని సాంటియాగోలో 1974 నుంచి చర్చి అండతో ఒకచోట చేరి, గోనెగుడ్డ మీద పేలికలతో బొమ్మలు కుట్టారు. ఆ బొమ్మలను అర్పియేరాలు అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు అర్థం గోనెగుడ్డే. వెనకాల కొండలు, పైన సూర్యుడు, ముందు చిన్న చిన్న ఇళ్లు. పిల్లల ఆటబొమ్మలా ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే, ‘వాళ్లు ఎక్కడ?’ అని రాసిన గుడ్డ పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉంటారు. కొన్నింటికి వెనక చిన్న జేబు కుట్టి, అందులో రాసిన చీటీ దాచేవాళ్లు. వాటిని గుట్టుగా దేశం దాటించి అమ్మితే వచ్చిన డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇది మనకు దూరపు కథ అనిపించదు నాకు. మన సీమలో ఫ్యాక్షన్ పగలకు మగదిక్కు పోయిన ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్లలో ఆడవాళ్లు నోరు తెరిచి ఏదైనా చెప్తే, అది ఎవరి చెవిన పడుతుందో, మళ్లీ ఏ గొడవకు దారి తీస్తుందో అని భయం. మా కుట్టు బడికి వచ్చే ఒక అవ్వ ఆరు వారాల పాటు పేరు తప్ప ఏమీ చెప్పలేదు. ఏడో వారం గోనె మీద ఒక గడప కుట్టింది. గడప పక్కన ఒక జత చెప్పులు. అంతే. మేమెవరం ఏమీ అడగలేదు, పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చాం.

ఇక పని మొదలుపెడదాం. గోతం కుట్లు విప్పి, కుంకుడు రసం కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఉతకండి. ఉతికితే దుమ్మూ నూనె వాసనా తగ్గుతాయి, గోనె కుంచించుకుపోయేదేదో ముందే కుంచించుకుపోతుంది. నీడన ఆరాక 15 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ముక్క కత్తిరించండి. కత్తిరించిన వెంటనే అంచులు పోగులు పోగులుగా ఊడతాయి, కంగారు పడకండి. అర అంగుళం లోపలికి మడిచి దబ్బనంతో, పురికొసతో చుట్టూ కుట్టేయండి. దబ్బనం పని అక్కడితో అయిపోయింది. బొమ్మ కుట్టడానికి బెజ్జం పెద్దగా ఉన్న ఎంబ్రాయిడరీ సూది చాలు.

గోనె నేత వదులు. ఎటు లాగితే అటు సాగుతుంది. అందుకని వెనక పాత పంచె ముక్క పరిచి, మధ్యలో నుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు వేయండి. ఈ పని వదిలేస్తే బొమ్మంతా ముడతలు పడుతుంది. నా మొదటి బొమ్మ అలాగే పాడైంది, విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

బొమ్మను వెనక నుంచి ముందుకు కుడుతూ రావాలి. ముందు ఆకాశం, తర్వాత కొండ, ఆ తర్వాత ఇల్లు. ప్రతి పేలికనూ కావాల్సిన కొలత కన్నా చుట్టూ పావు అంగుళం ఎక్కువ కత్తిరించి, ఆ పావు అంగుళం లోపలికి మడిచి గోటితో గట్టిగా నొక్కండి. కొండలాగా వంపు తిరిగిన చోట అంచు మీద చిన్న చిన్న గాట్లు పెడితే మడత చక్కగా కూర్చుంటుంది. టాకా వేసి నిలబెట్టాక చుట్టూ హెమ్మింగ్ చేయండి. దారం మూరెడు మించకూడదు, పొడవైతే చిక్కు పడుతుంది. లాగేటప్పుడు పేలిక గోనెను తాకితే ఆపేయండి, బిగించొద్దు.

ఏ బొమ్మ కుట్టాలి అని అడుగుతారు. అమెరికాలో జస్టిన్ మెరిట్ అనే ఉపాధ్యాయురాలు అణుయుద్ధానికి వ్యతిరేకంగా ఆడవాళ్లను ఒకటే అడిగింది: ఆ యుద్ధం వస్తే ఏది శాశ్వతంగా పోతుందనే ఆలోచననే మీరు భరించలేరు? దాన్నే గజం పొడవు, అర గజం వెడల్పు గుడ్డ మీద కుట్టి పంపమంది. వేల ముక్కలు వచ్చాయి. హిరోషిమా మీద బాంబు పడి 40 ఏళ్లు నిండుతున్న వేళ, 1985 ఆగస్టు 4న, వాటిని ఒకదానికొకటి కట్టి సైనిక కార్యాలయం పెంటగాన్ చుట్టూ పట్టుకుని నిలబడ్డారు.

మీరూ ఆ ప్రశ్నే వేసుకోండి. ఊళ్లో మళ్లీ కత్తులు లేస్తే మీకు పోయేది ఏది? చింతచెట్టు కావచ్చు, బడి గంట కావచ్చు, ఎదురింటి వాళ్లతో పంచుకునే మజ్జిగ చెంబు కావచ్చు. వాళ్లు మన వర్గం కాకపోయినా సరే. ఒక్కటే ఎంచుకోండి. రెండు మూడు కలిపితే చిన్న గుడ్డ మీద ఏదీ నిలవదు.

వారం రోజులు పడుతుంది, తొందరేమీ లేదు. బొమ్మ కింది భాగంలో మాత్రం నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి. వచ్చే పాఠంలో పేలికలు చుట్టి మనుషులను చేస్తాం, వాళ్లు నిలబడాల్సింది అక్కడే. ఇంట్లోవాళ్లు కట్టి వదిలేసిన బట్టల్లోంచి బెత్తెడు ముక్క ఒకటి తీసి పక్కన పెట్టుకోండి.