గుండు కొట్టించే ముందు ఒక్క మాట

ఏప్రిల్ వచ్చిందంటే సైనిక్‌పురిలోని మా కుక్కల గ్రూమింగ్ షాపుకు వచ్చే ఫోన్లన్నీ ఒకటే పాట. "ఎండలు మండిపోతున్నాయి మేడమ్, మావాడికి గుండు కొట్టేయండి." ఆ మావాడు హస్కీనో, గోల్డెన్ రిట్రీవరో, పామరేనియనో అయితే నేను కొట్టను. వేరే షాపుకు పోతామన్నా సరే. ఈ జాతులకు బొచ్చు రెండు పొరలు: పైన గరుకు వెంట్రుకలు, లోపల ఒత్తైన మెత్తటి పొర. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చే చల్లబడుతుంది. గుండు కొడితే ఎండ నేరుగా చర్మానికి కొడుతుంది. పైగా కొన్నింటికి ఆ బొచ్చు మళ్లీ సరిగా రాదు, అక్కడక్కడా మొలిచి అసహ్యంగా ఉంటుంది. వాటికి కావాల్సింది డీషెడింగ్. అంటే లోపలి పొరలో ఊడిపోయి ఇరుక్కున్న బొచ్చును దువ్వి, బ్లోయర్‌తో ఊదగొట్టడం.

షిట్జు, లాసా, పూడుల్ సంగతి వేరు. వాటి జుట్టు పెరుగుతూనే ఉంటుంది, నెలకో ఆరు వారాలకో కత్తిరించాల్సిందే. కానీ ఆ కటింగ్ ఎలా వస్తుందనేది నా కత్తెర కన్నా మీ ఇంట్లో దువ్వెన చేతిలోనే ఎక్కువ ఉంది. ఫోన్లో టెడ్డీబేర్ కట్ ఫొటో చూపిస్తారు. చెవి ఎత్తి చూస్తే వెనక కంబళి ముక్కలా ఉండకట్టిన జుట్టు! ఆ చిక్కు చర్మాన్ని రాత్రింబవళ్లు లాగుతుంది, కింద తడి చేరి ఎర్రబడుతుంది. అంత ముదిరాక దువ్వడం హింస, చర్మం దాకా తీసేయడమే మేలు. ఆ తర్వాత "ఇంత పొట్టిగా కొట్టారేంటి" అని నాతో గొడవ.

అందుకే ఇంట్లో, వీలైతే రోజూ, ఇలా చేయండి. ఒక చేత్తో జుట్టు పైకెత్తి పట్టుకుని, కింద సన్నటి పాయ వదలండి. చర్మం కనిపించేలా పాపిడి రావాలి. అక్కడి నుంచి చివరిదాకా స్లికర్ బ్రష్‌తో (సన్నటి తీగల పళ్లుండే బ్రష్) తేలిగ్గా దువ్వి, తర్వాత స్టీలు దువ్వెన పెట్టండి. ఆగకుండా జారితే ఆ పాయ అయినట్టే. ఆగిందంటే అక్కడ చిక్కుంది. చాలామంది పైపైన బ్రష్ తిప్పుతారు. వీపు నిగనిగలాడుతుంది, చిక్కు మాత్రం లోపల అలాగే ఉంటుంది. చెవుల వెనక, చంకల్లో, మెడ పట్టీ కింద, తోక మొదట్లో ముందు చూడండి. చిక్కులుండగా స్నానం చేయించకండి, తడిసి ఆరేసరికి మరింత బిగుసుకుంటాయి. కత్తెర అసలే పెట్టకండి, చిక్కుతోపాటు చర్మం కూడా తెగుతుంది.

మనం వాడే షాంపూ వద్దు, కుక్కల చర్మానికి అది పడదు.

షాపులో "మావాడు ఎవర్నీ కరవడండీ" అని అందరూ అంటారు. మీ ముందు కరవడు, నిజమే! పాదం పట్టుకుంటే గుర్రుమంటాడా, ఫిట్స్ వస్తాయా, గుండెకు మందులు వాడుతున్నారా అన్నవి ముందే చెప్పండి. రేబిస్ టీకా కార్డు అడగని చోటికి వెళ్లకండి. కదలకుండా మత్తు ఇస్తామంటే కుక్కను తీసుకుని వచ్చేయండి, అది వెటర్నరీ డాక్టర్ పని. పగ్‌లాంటి చప్పిడి ముక్కు వాటి విషయంలో డ్రయ్యర్ గురించి గట్టిగా అడగండి. బోనులో పెట్టి వేడిగాలి వదిలి ఇంకో కుక్క పనిలో పడితే వడదెబ్బ తగిలి ప్రాణమే పోవచ్చు. అపార్ట్‌మెంట్‌కు వచ్చే వ్యాన్ అయితే లోపల ఏసీ పనిచేస్తోందో లేదో ఒకసారి ఎక్కి చూడండి, మొహమాటం వద్దు.

టైల్స్ మీద టకటకమంటే గోళ్లు పెరిగినట్టు. గోరు లోపల రక్తనాళం ఉంటుంది, నల్ల గోళ్లలో కనిపించదు. ఆలస్యం చేసేకొద్దీ అదీ ముందుకు పెరుగుతుంది కాబట్టి ఒకేసారి పొట్టిగా తీయలేం.

ఇక వానాకాలం టిక్స్, అంటే రక్తం పీల్చే పిడుదులు. నేను ఒంటి మీదవి ఏరగలను, మీ గోడ పగుళ్లలో అవి పెట్టిన గుడ్లను ఏం చేయను? ఇల్లు కూడా శుభ్రం చేయించాలి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే మా దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి, టిక్ ఫీవర్ కావచ్చు. టిక్స్ పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందుకు ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం ఉండకూడదు. శనివారం నా దగ్గరికి తెస్తే మందు సోమవారం వేయండి.