కంప్యూటర్ రిపేరుకు ఇచ్చే ముందు

వానాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉంటే ఇంట్లో కంప్యూటర్లు మొరాయిస్తాయి. విజయవాడ గవర్నర్‌పేట షాపుకు మోసుకెళ్లే ముందు ఇవి చూసుకోండి.

అన్నిటికన్నా ముందు బ్యాకప్, అంటే ఫైళ్లకు వేరేచోట ఇంకో కాపీ. షాపులో "ఫార్మాట్ కొట్టేద్దామా అండీ?" అంటారు, అంటే డిస్క్‌లో ఉన్నవన్నీ తుడిచేయడం, హడావుడిలో మనం తలూపేస్తాం. పోయిన ఫొటోలు మళ్లీ వస్తాయన్న నమ్మకం లేదు. ఒక కాపీ ఇంటి బయట కూడా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి కదా, కంప్యూటరూ బ్యాకప్ డిస్కూ ఒకే గదిలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి.

బిట్‌లాకర్ అంటే విండోస్‌లో డిస్క్‌కు వేసే తాళం, దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. 48 అంకెలుంటాయి. చాలా కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఈ తాళం (ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటుంది. మదర్‌బోర్డు మారిస్తే ఆ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా ఫైళ్లు తెరుచుకోవు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతకండి, సాధారణంగా అక్కడే ఉంటుంది.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. మా అమ్మ కంప్యూటర్‌లో ఆధార్ కాపీలే ఆరు కనిపించాయి, పక్కనే పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంటు. ఇవి షాపువాళ్ల చేతిలో పడితే అని గుండె ఝల్లుమంది. డిలీట్ చేస్తే చాలదు, పాత హార్డ్‌డిస్క్‌లో డిలీట్ చేసినవి కూడా తిరిగి తీయొచ్చు. స్క్రీనో కీబోర్డో మార్చడానికి డిస్క్‌తో పని లేదు, కుదిరితే దాన్ని మీ ఎదురుగా విప్పించి ఇంటికి తెచ్చుకోండి.

బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు తీసేయండి, మెయిల్ నుంచి సైన్ అవుట్ అవ్వండి.

లాగిన్ అడిగితే మీది చెప్పొద్దు, కొత్త స్టాండర్డ్ అకౌంట్ (కంప్యూటర్‌పై పూర్తి అధికారం లేనిది) చేసివ్వండి.

తెచ్చుకున్నాక ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచి మన కంప్యూటర్ నడిపే ప్రోగ్రాములు కొత్తగా చేరాయేమో చూసి తీసేయండి.