హెచ్‌డీపీఈ విడిభాగాల్లో లోపాలు: లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

లోహంతో పనిచేసి అలవాటైనవారికి హెచ్‌డీపీఈ, అంటే అధిక సాంద్రత గల పాలిథిలీన్, మెత్తగా, తేలికగా లొంగే పదార్థంగా కనిపిస్తుంది. దీనితో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఆ నమ్మకం నుంచే పుడతాయి. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.94 నుంచి 0.97 గ్రాముల వరకు ఉంటుంది. సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు ఉక్కు కంటే పది రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. లోపం కనిపించినప్పుడు ముందు ఈ మూడు విషయాలను గుర్తు చేసుకోవాలి.

కొలతకు సరిగ్గా కోసిన భాగం మర్నాటికి వంగిపోయింది

ఇది అన్నిటికంటే తరచుగా వినిపించే ఫిర్యాదు. చాలామంది యంత్రాన్ని అనుమానిస్తారు కానీ, కారణం సాధారణంగా షీటులోనే ఉంటుంది. షీటు తయారయ్యేటప్పుడు పైపొరలు ముందుగా చల్లబడి గట్టిపడతాయి. లోపలి భాగం ఆ తరువాత నెమ్మదిగా కుంచించుకుంటుంది. అందువల్ల పైపొరల్లో సంపీడనం, మధ్యలో లాగుడు మిగిలిపోయి, అవి ఒకదాన్నొకటి సరితూచుకుంటూ ఉంటాయి. ఒకే వైపు నుంచి మందంగా చెక్కితే ఆ తూకం చెడి, చెక్కిన ముఖం లోపలికి గుంటపడుతుంది. కాబట్టి ముందు రెండు వైపులా ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగిల్చి ముతకగా చెక్కి, బిగింపు పూర్తిగా తీసేసి, చదునైన బల్ల మీద ఒక రోజు వదిలేసి, తరువాతే రెండు ముఖాల నుంచి సమానంగా తీస్తూ తుది కొలతకు తేవాలి. తొందర ఉన్నప్పుడు ఈ ఒక రోజు దండగ అనిపిస్తుంది. అయినా భాగాన్ని రెండోసారి చేయడం కంటే అది చవకే.

వంపు లేకుండా కొలత మాత్రమే తేడా వస్తే రెండు విషయాలు చూడాలి. వైస్‌లో గట్టిగా బిగిస్తే భాగం నొక్కుకుపోయి, వదిలాక మళ్లీ సాగుతుంది. వెడల్పైన దవడలతో తక్కువ బలంతో పట్టుకోవాలి. రెండోది కొలిచిన ఉష్ణోగ్రత. ఒక మీటరు పొడవున్న భాగం పది డిగ్రీల తేడాకు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. కోత వేడి ఆరకముందే తీసిన కొలతను నమ్మకూడదు.

రంధ్రం బిగుతుగా వచ్చింది, అంచులు పీచులు పీచులుగా ఉన్నాయి

ఈ పదార్థం వేడిని చాలా నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది కనుక కోత వేడి అంచు దగ్గరే నిలిచిపోతుంది. పదునైన పనిముట్టు వాడాలి. డ్రిల్లును మధ్యమధ్య పైకి తీసి చిప్పులను బయటికి వదలాలి. చల్లబరచడానికి చాలా పనుల్లో గాలి ఊదితే చాలు.

బరువేమీ పెద్దగా లేకుండానే కొన్ని నెలలకు పగిలింది

పగులు అంచుల్లో సాగిన జాడ లేకుండా, బోల్టు చుట్టూనో లోపలి మూలలోనో శుభ్రంగా చీలి, ఆ భాగానికి సబ్బు నీరో డిటర్జెంటో తగులుతూ ఉంటే, అది ఒత్తిడి, రసాయనం కలిసి తెచ్చిన పగులని భావించవచ్చు. ఆ రసాయనం పదార్థాన్ని కరిగించదు. స్ఫటికాల మధ్య కట్టులా ఉండే పొడవైన అణువులు జారి విడిపోయేలా చేస్తుంది. ఇక్కడ ఎంపికలో ఒక పొరపాటు జరుగుతుంది: సాంద్రత ఎక్కువైతే భాగం గట్టిగా ఉంటుందని ఎక్కువ సాంద్రత గ్రేడు కొంటారు. గట్టితనం పెరిగే మాట నిజమే గానీ, ఈ రకం పగుళ్లను తట్టుకునే శక్తి తగ్గుతుంది. ద్రవం తగిలే భాగాలకు కరుగు ప్రవాహ సూచిక (కరిగిన పదార్థం ఎంత తేలికగా పారుతుందో చెప్పే అంకె) తక్కువగా, సాంద్రత కొంచెం తక్కువగా ఉన్న గ్రేడును ఎంచుకోవాలి. లోపలి మూలలను గుండ్రంగా తీర్చాలి. బోల్టు కింద వెడల్పైన వాషరు వేసి, బిగింపు తగ్గించాలి.

ఉపరితలమంతా తెల్లబారి సన్నని వలలా పగిలితే కారణం వేరు: అది ఎండ దెబ్బ. ఆరుబయట ఉండే భాగాలకు సుమారు 2 నుంచి 2.5 శాతం కార్బన్ బ్లాక్ బాగా కలిసిన నల్లని పదార్థమే మంచిది.

వెల్డింగ్ అతుకు దగ్గరే విరుగుతోంది

బయటికి చక్కగా కనిపించే అతుకు కూడా లోపల బలహీనంగా ఉండవచ్చు. పైన ఆక్సీకరణం చెందిన పొరను వెల్డింగ్‌కు కాస్త ముందే గీకి తీసేయకపోవడం ఒక కారణం. చివరలను కరిగించే వేడి పలకను తొలగించాక వాటిని కలపడంలో ఆలస్యమై కరిగిన ముఖం చల్లబడటం మరొకటి. అంచులను కరిగించి కలిపే పద్ధతిలో పలక సాధారణంగా 200 నుంచి 230 డిగ్రీల మధ్య ఉంటుంది; కలిపిన తరువాత ఒత్తిడిని చల్లారేవరకు వదలకూడదు, నీళ్లు పోసి చల్లార్చకూడదు. కరుగు ప్రవాహ సూచికలు బాగా తేడా ఉన్న రెండు గ్రేడులను అతికే ముందు నమూనా అతుకు వేసి, వంచి చూడాలి.

జిగురు పట్టడం లేదు

దీని ఉపరితల శక్తి తక్కువ కాబట్టి మామూలు జిగుర్లు ఊడిపోతాయి. మంటతో లేదా కరోనాతో (అధిక వోల్టేజీ విద్యుత్ విసర్జనతో) ఉపరితలాన్ని సిద్ధం చేస్తే కొంత పట్టు వస్తుంది, కానీ బరువు మోసే చోట వెల్డింగో బోల్టో వాడటమే మేలు.

బోల్టులు వాటంతట అవే వదులవుతున్నాయి

నిరంతర ఒత్తిడి కింద హెచ్‌డీపీఈ నెమ్మదిగా సాగిపోతుంది, వేడి పెరిగితే ఇంకా త్వరగా. మళ్లీ మళ్లీ బిగిస్తే ఆ చోటు మరింత పలచబడుతుంది. బిగింపు బలం ప్లాస్టిక్ మీద కాకుండా లోహం మీద పడేలా రంధ్రంలో లోహపు గొట్టం కూర్చాలి. మర దారం అవసరమైన చోట లోహపు ఇన్సర్టు వాడాలి.