సిగరెట్ మానేటప్పుడు స్నేహితులను ఏ సాయం అడగాలి

పొగ మానాలని నిర్ణయించుకున్నవారిలో చాలామంది ఆ సంగతి ఎవరికీ చెప్పరు. మానలేకపోతే నలుగురిలో చులకన అవుతామన్న భయంతో ఆదివారం రాత్రి మిగిలిన సిగరెట్లను నలిపి పారేసి, సోమవారం పొద్దున ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు ఎప్పటిలాగే అదే మిత్రులతో వెళతారు. వారిలో ఒకరు అలవాటు కొద్దీ పెట్టె చాపుతారు, నిర్ణయం అక్కడితో ముగుస్తుంది. ఇందులో పెట్టె చాపిన మిత్రుణ్ణి తప్పు పట్టలేము, అతనికి విషయమే తెలియదు. మనలో ఎక్కువమందికి ఈ అలవాటు స్నేహితుల మధ్య మొదలై వారి మధ్యనే పెరిగింది కాబట్టి, దాన్ని వదిలే పని కూడా వారికి చెప్పి, వారిని కలుపుకుని చేయడం మేలు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాలుగా సాగుతున్న గుండె జబ్బుల అధ్యయనం నుంచి 12,067 మంది వివరాలను, 1971 మొదలుకొని 2003 వరకు, వారి స్నేహాలు, బంధుత్వాలతో కలిపి పరిశీలించిన పరిశోధకులు 2008లో ఫలితాలు ప్రకటించారు. ఒక వ్యక్తి స్నేహితుడు పొగ మానేస్తే ఆ వ్యక్తి పొగ తాగే అవకాశం 36 శాతం తగ్గింది. భార్యాభర్తల్లో ఒకరు మానేస్తే రెండోవారి విషయంలో తగ్గుదల 67 శాతం. మానినవారిలో చాలామంది ఒకరినొకరు ఎరిగిన బృందాలుగా మానారని కూడా వారు గమనించారు.

మన ఊళ్లలో ఇదే సంగతి ఏటా కార్తిక మాసం నుంచి సంక్రాంతి వరకు కళ్లెదుట కనిపిస్తుంది. రోజుకొక పెట్టె కాల్చే మనిషి అయ్యప్ప మాల వేసుకున్న నాటి నుంచి 41 రోజులు ఒక్క దమ్ము కూడా పీల్చకుండా ఉండగలుగుతాడు. భక్తి అందుకు మొదటి కారణం. చుట్టూ ఉన్నవారి ప్రవర్తన రెండోది: మెడలో మాల చూడగానే నిన్నటిదాకా ‘మామా’ అన్నవారే ‘స్వామీ’ అంటారు, ఎవరూ సిగరెట్ ఇవ్వబోరు, తాగేవారు పక్కకు వెళ్లి తాగుతారు, సాయంత్రాలు కొట్టు దగ్గర కాకుండా భజనలో గడుస్తాయి. నికోటిన్ అందకపోవడం వల్ల కలిగే చిరాకు, నిద్రలేమి, మనసు నిలవకపోవడం మొదటి మూడు రోజుల్లో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి కాబట్టి, మాల తీసే నాటికి శరీరం కష్టమైన దశను దాటే ఉంటుంది. అయినా ఎందరో మాల తీసిన కొద్ది రోజులకే మళ్లీ మొదలుపెడతారు, ఎందుకంటే ఆ మర్యాద మాలతోపాటే వెళ్లిపోయి పాత కొట్టు, పాత పలకరింపు తిరిగి వస్తాయి. స్నేహితుల నుంచి కోరవలసినది ఆ 41 రోజుల మర్యాదనే, మాల ఉన్నా లేకపోయినా, కనీసం మూడు నెలల పాటు.

ఇందుకు పెద్ద బృందం అక్కరలేదు, ముగ్గురు చాలు. మీరు ఎక్కువగా ఎవరితో కలిసి కాలుస్తారో ఆ మిత్రుడికి తప్పక చెప్పాలి, అతను మానే ఉద్దేశంలో లేకపోయినా సరే. ఇదివరకే మానేసి నిలదొక్కుకున్నవారు ఒకరు ఉంటే మరీ మంచిది. మూడోవారు రాత్రి పదకొండుకు ఫోన్ చేసినా విసుక్కోకుండా ఎత్తేవారై ఉండాలి. ఇంట్లోవారికి తెలియజేయండి గాని, భార్యకో తల్లికో కాపలా పని అప్పగించవద్దు. రోజూ జేబులు వెతికే ఇంట్లో దాచి తాగడం పెరుగుతుందన్నది నా గట్టి అభిప్రాయం.

‘నన్ను ప్రోత్సహించండి’ అని మాత్రమే అడిగితే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. పనిని పేరు పెట్టి అడగాలి. మీతో కలిసి కాల్చే మిత్రుడితో ఇలా అనండి: ‘బావా, వచ్చే పదో తేదీ నుంచి మానేస్తున్నాను, నేను అడిగినా నాకు ఇవ్వకు, నా పక్కన వెలిగించకు, టీకి మాత్రం పిలువు.’ ఈ చివరి కోరిక ముఖ్యమైనది, ఎందుకంటే మానినవారిని టీకి పిలవడమే మానేస్తే వారు పోగొట్టుకున్నది సిగరెట్ ఒక్కటే అవదు. అయితే మొదటి నెల మాత్రం కొట్టు మార్చండి, లేదా టీ ఆఫీసు లోపలే తాగి ఆ పది నిమిషాలు కలిసి నడవండి. మానిన మిత్రుణ్ణి రోజూ ఒకే వేళకు ఒక్క సందేశం పంపమని అడగండి. మూడోవారితో కోరిక పుట్టినప్పుడు ఫోన్ చేస్తానని, సిగరెట్ ప్రస్తావన లేకుండా క్రికెట్ గురించో పిల్లల చదువు గురించో మాట్లాడమని ముందే చెప్పుకోండి. కోరిక ఉద్ధృతి సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తగ్గుతుంది, ఆ కాస్త సమయం గడవడానికే ఈ ఏర్పాటు.

తేదీని రెండు వారాల లోపే పెట్టుకోండి, ఆ రోజున పూర్తిగా ఆపండి. ఇంగ్లండ్‌లో 697 మందితో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కసారిగా ఆపినవారిలో 49 శాతం నాలుగు వారాలకు మానే ఉన్నారు. రెండు వారాలపాటు తగ్గించుకుంటూ వచ్చి ఆపినవారిలో అలా ఉన్నది 39 శాతమే. ముందు రోజు లైటర్లు, ఆష్‌ట్రేలు తీసేయండి, బండి డిక్కీ కూడా చూడండి. పాన్ షాపులో ఖాతా ఉంటే బాకీ తీర్చి, ఇకపై మీకు విడి సిగరెట్ ఇవ్వవద్దని మిత్రుడి ఎదుటే కొట్టతనికి చెప్పండి. బీడీకి మారడం మానడం కిందికి రాదు. ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచి నిషిద్ధం, వాటి జోలికి పోవద్దు.

మొదటి వారంలో చాలామంది గమనించని విషయం టీ, కాఫీల మోతాదు. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయం కెఫీన్‌ను త్వరగా విడగొట్టేలా చేస్తాయి. పొగ ఆగాక అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి గుండెదడను, నిద్రలేమిని పెంచుతుంది, దాన్ని మనం సిగరెట్ లేని బాధ అనుకుంటాము. కాబట్టి కప్పుల సంఖ్యను దాదాపు సగానికి తగ్గించండి. నిద్ర లేచిన అరగంట లోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి నికోటిన్ మీద ఆధారం ఎక్కువ, వారికి మనోబలం ఒక్కటే సరిపోతుందని ఆశించడం న్యాయం కాదు. నికోటిన్ గమ్ అటువంటివారికి బాగా ఉపకరిస్తుంది. ఏ మోతాదు తీసుకోవాలో వైద్యుణ్ణి అడగండి. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు: ఘాటు తెలిసేదాకా మెల్లగా నమిలి, చెంపకూ పంటి చిగుళ్లకూ మధ్య ఉంచి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. వేసుకునే ముందు పావుగంట కాఫీ, కూల్ డ్రింకు, పళ్ల రసం తాగకూడదు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి సంప్రదించే మొదలుపెట్టాలి. 1800-11-2356 జాతీయ సహాయ కేంద్రానికి ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2018 నుంచి ఈ నంబరు సిగరెట్ పెట్టెల మీదనే ముద్రిస్తున్నారు.

ఇక స్నేహితులకు ఒక విన్నపం. క్యాన్సర్ గురించి ఉపన్యాసం ఇవ్వకండి, పెట్టె మీది బొమ్మను మీ మిత్రుడు మీకంటే ఎక్కువసార్లు చూశాడు. ‘ఎన్నాళ్లుంటావో చూస్తాం’ అని పందెం కాయకండి. మొదటి పదిహేను రోజుల్లో అతను చిన్న మాటకు కోప్పడితే మనసులో పెట్టుకోకండి. మందు పార్టీకి ఒక నెల పిలవకండి, లేదా ఆ నెల మీరే మందు లేకుండా కలవండి; మద్యం తాగినవేళ సంకల్పం సడలినంతగా మరెప్పుడూ సడలదు. వారం గడిచిందని, నెల గడిచిందని గుర్తు పెట్టుకుని చెప్పండి, అది అతనికి మీరు ఊహించినదానికన్నా ఎక్కువ బలం ఇస్తుంది.

సిగరెట్ల ఖర్చును ముడుపు కట్టే పద్ధతి కూడా పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్‌లో మానదలచినవారికి ఒక బ్యాంకు ఆరు నెలల ఖాతా తెరిచే అవకాశం ఇచ్చింది. గడువు చివర మూత్ర పరీక్షలో నికోటిన్ కనిపిస్తే సొమ్ము దానధర్మాలకు పోతుంది. ఆ అవకాశం అందినవారిలో మానినవారి శాతం ఎక్కువగా ఉండడమే కాక, ఏడాదికి చెప్పకుండా పరీక్షించినప్పుడూ ఆ తేడా నిలిచింది. మీరు రోజువారీ ఖర్చును నమ్మకమైన మిత్రుడికి పంపుతూ ఉండవచ్చు. సొమ్ము పోయినా ఇల్లు గడిచేంత మొత్తానికే పరిమితం కావాలి.

ఎప్పుడైనా ఒకటి కాల్చితే ఆ రోజే చెప్పండి, తేదీ మార్చకుండా మరుసటి గంట నుంచే కొనసాగండి. అది విన్న మిత్రుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు? సమాధానం దొరికితే ఆ చోటికి, ఆ వేళకు కొత్త ఏర్పాటు చేయవచ్చు. మూడు నెలల తరువాత రోజువారీ సందేశాలు అక్కరలేకపోవచ్చు గాని, పెళ్లిళ్లకు, పాత క్లాస్‌మేట్ల కలయికకు, ఊళ్లో జాతరకు వెళ్లేముందు ముగ్గురిలో ఒకరికి ఫోన్ చేసి, అక్కడ ఎవరు సిగరెట్ ఇవ్వవచ్చో, ఏమని వద్దనాలో మాట్లాడుకుని బయలుదేరండి.