కొత్త నులిపురుగును వర్ణించడం – 5వ పాఠం: ప్లేటు మీద రెండు రంగులు

పోయిన పాఠంలో స్టైనర్‌నీమా (కీటకాల లార్వాల్లో దూరి వాటిని చంపే నులిపురుగు) పేగులో ఉండే జెనోరాబ్డస్ బాక్టీరియాను ఎన్‌బీటీఏ ప్లేటు (బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు కలిపిన అగార్) మీద గీయమన్నాను. నీలం కాలనీల పక్కన ఎర్రవీ లేచాయి, ఇవి రెండు కొత్త జాతులా అని చాలామంది అడిగారు. అందుకే డీఎన్ఏ పాఠం వాయిదా.

జెనోరాబ్డస్‌కి రెండు రూపాలున్నాయి. మొదటిది బ్రోమోథైమాల్ బ్లూను పీల్చుకుని నీలమవుతుంది, చుట్టూ అగార్ వెలిసిపోతుంది. ల్యాబ్‌లో పదేపదే పెంచితే రెండో రూపానికి జారుతుంది. అది ఆ రంగు పట్టదు, ఎర్రగా ఉంటుంది. జాతి ఒకటే. చిక్కేమిటంటే, లార్వాలో దూరిన ఊరూపేరూ లేని బాక్టీరియా కూడా ఎర్రగానే లేవచ్చు. "రెండో రూపమేలే" అని సర్దుకుని దాన్నే సీక్వెన్సింగ్‌కు పంపేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

స్లైడు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి, పుల్లతో కాలనీ తీసి కలపండి. బుసబుసా నురగొస్తే అది జెనోరాబ్డస్ కాదు. ఏ రూపమైనా సరే, జెనోరాబ్డస్‌కి కాటలేజ్ (పెరాక్సైడ్‌ను విరగ్గొట్టి నురగ తెప్పించే ఎంజైము) లేదు. ఇనుప తీగ వాడొద్దు, తీగే బుడగలు పుట్టిస్తుంది. బ్లడ్ అగార్ మీది కాలనీ అసలే వద్దు, ఆ రక్తమే పొంగుతుంది. మీ పురుగు హెటిరోరాబ్డైటిస్ (కీటకాలను చంపే మరో నులిపురుగు) అయితే లెక్క తిరగబడుతుంది: దాని బాక్టీరియా ఫోటోరాబ్డస్‌కి కాటలేజ్ ఉంది. చచ్చిన లార్వాను చీకటిగదిలో పెట్టి, కళ్లు అలవాటుపడేదాకా ఆగండి, సన్నగా వెలుగుతుంది. లార్వా ఎర్రబడింది కదా అని మాత్రం ఫోటోరాబ్డస్ అనుకోకండి, సెరేషియా అనే వేరే బాక్టీరియా సోకినా ఎర్రబడుతుంది.

వైట్ ట్రాప్‌లోకి (చచ్చిన లార్వాలోంచి బయటికొచ్చే పురుగులను నీటిలో పట్టే ఏర్పాటు) పురుగులు దిగాక లార్వాను కోస్తే ఏ బాక్టీరియా అయినా దొరుకుతుంది. నేనైతే పురుగులు వదిలిన 24–48 గంటల్లో గ్యాలరియా (మైనపు చిమ్మట) లార్వాను ఆల్కహాల్‌తో తుడిచి, పేగు తెగకుండా కాలు కత్తిరించి, కారిన ద్రవాన్ని గీస్తాను. పిల్లపురుగులను హైపోక్లోరైట్‌లో కడిగి నలిపే పద్ధతీ ఉంది, నాకంత ఓపిక లేదు.

కొలతలు, ఫొటోలు మీకు చెప్పక్కర్లేదు. ఇప్పటికే వర్ణించిన జాతులతో పోల్చకుండా పేరు మాత్రం పెట్టొద్దు. ఢిల్లీలో దొరికిన పురుగుకు 2000లో స్టైనర్‌నీమా థర్మోఫిలమ్ అని పేరు పెట్టారు. 1997లోనే ఒమన్ నుంచి వర్ణించిన అబ్బాసీయే ఇదని తేలి ఆ పేరు పోయింది. దాని బాక్టీరియాకు 2006లో పెట్టిన జెనోరాబ్డస్ ఇండికా మాత్రం నిలిచింది. పురుగుకూ బాక్టీరియాకూ పేరు పెట్టే నియమావళులు వేరు. పురుగుకు హోలోటైప్ (ఆ పేరుకు ప్రామాణికమైన ఒక్క నమూనా) స్లైడు చాలు, బాక్టీరియాకైతే బతికున్న కల్చర్‌ను రెండు దేశాల కల్చర్ సేకరణల్లో ఉంచాలి.

అభ్యాసం: నీలం, ఎరుపు కాలనీలను వేరుచేసి, ఆరోగ్యంగా ఉన్న లార్వాల్లోకి విడివిడిగా ఎక్కించండి. కొన్నిటికి శుద్ధ జలమే ఎక్కించండి. చచ్చినవాటిలోంచి బాక్టీరియాను మళ్లీ తీసి, కాటలేజ్ చూసి, రెండింటి 16ఎస్ (బాక్టీరియాను గుర్తించడానికి వాడే జన్యువు) సీక్వెన్సులు పక్కపక్కన పెట్టి తేడాలు రాయండి. అది అయ్యేదాకా 6వ పాఠం తెరవొద్దు.