స్కూల్లో మీ పిల్లాడు సూపర్‌హీరోగా మారి గొడవలు చేస్తుంటే ఏం చేయాలి?

మా వాడు ఒకటో తరగతిలో ఉండగా మా ఇంట్లోకి సుడిగాలి మ్యాన్ వచ్చాడు. మెడ చుట్టూ నీలం తువ్వాలు పడితే చాలు, వాడు మా అబ్బాయి కాదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ముద్దుగానే ఉంది. సుడిగాలి మ్యాన్ స్కూలుకు కూడా వెళ్లడం మొదలుపెట్టాక డైరీలో ఎర్ర ఇంకు కనిపించింది. ప్రేయర్ లైన్లోంచి పరుగెత్తాడు, హాజరు పిలిస్తే పలకలేదు, ఒక పిల్లాణ్ణి తోసేశాడు. అడిగితే, "నేను కాదమ్మా, సుడిగాలి మ్యాన్ తోశాడు" అన్నాడు.

నేను వెంటనే తువ్వాలు దాచేశాను. అది పొరపాటు. హీరో పోలేదు, వాడి సంగతులు నాకు చెప్పడం మాత్రం మా వాడు మానేశాడు. చిన్న వయసులో ఇలా వేరొకరిగా మారి ఆడుకోవడం మామూలే. హీరోను తరిమేయకుండా వాడు ఎందుకు వస్తున్నాడో తెలుసుకుని, స్కూల్లో వాడికో పని అప్పగించాకే మా ఇంట్లో ఈ టెన్షన్ తగ్గింది. అందులో నాకు పనికొచ్చినవి ఇవి.

1. ముందు, హీరో ఎప్పుడు వస్తున్నాడో కనిపెట్టండి

టీచర్‌ను "ఏం చేశాడు?" అని అడిగి ఊరుకోవద్దు. "ఎప్పుడు చేశాడు? అంతకు ముందు ఏం జరిగింది?" అని అడగండి. ఒక్క వారం పాటు డైరీలో రెండు ముక్కలు రాయమని బతిమాలండి: ఏ టైమ్‌లో, పక్కన ఎవరున్నారు. క్లాసు మొత్తాన్ని చూసుకునే టీచర్‌ను అంతకుమించి అడగలేం.

మా వాడి విషయంలో ఐదు రోజుల్లో నాలుగుసార్లు హీరో ఇంటర్వెల్‌లోనే వచ్చాడు. ఆ వేళకు ఏం జరుగుతోందో ఆరా తీస్తే, పై తరగతి పిల్లలు ఇద్దరు మా వాడి పక్కన కూర్చునే పాప స్నాక్స్ డబ్బా లాక్కుంటున్నారని తెలిసింది. మా వాడు తోసింది వాళ్లలో ఒకణ్ణే. తోయడం తప్పే. కానీ నేను అప్పటిదాకా కోప్పడుతున్నది ఆపదలో ఉన్న స్నేహితురాలి కోసం ధైర్యం కూడగట్టుకున్న పిల్లాడి మీద. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మీ ఇంట్లో కారణం వేరే ఉండొచ్చు. డిక్టేషన్ అంటే భయం కావచ్చు, ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లాలంటే బెరుకు కావచ్చు, ఇంట్లో చెల్లి పుట్టి ఉండొచ్చు. ఏమీ లేక ఒట్టి ఉత్సాహమే అయినా, ఆ వేళ తెలిస్తే తర్వాత ఏం చేయాలో తోస్తుంది.

2. హీరోతోనే మాట్లాడండి

"ఎందుకు చేశావురా?" అంటే పిల్లలు తల దించుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు వాళ్లకూ తెలియదు. హీరోను కూర్చోబెట్టి, ఒక పల్లీ చిక్కీ చేతిలో పెట్టి, "సుడిగాలి మ్యాన్ గారూ, ఇవాళ ఎవరిని కాపాడారు? మీకు స్కూల్లో ఎక్కడ భయమేస్తుంది?" అని అడగండి. గొంతులో వెక్కిరింపు ఉండకూడదు, పిల్లలు ఇట్టే పసిగడతారు. పక్కన నవ్వే పెద్దవాళ్లుంటే వేరే గదిలోకి వెళ్లండి. డబ్బా సంగతిలో మా వాడి పేరుతో రాని మాటలన్నీ హీరో పేరుతో వచ్చాయి.

3. "అది నేను కాదు" అంటే

అబద్ధాలకోరని తిట్టొద్దు. అలాగని వదిలేయనూ వద్దు. "తోసింది సుడిగాలి మ్యానే కానీ, చేతులు నీవే కదా నాన్నా. అవతలి పిల్లాడికి దెబ్బ తగిలింది. రేపు నువ్వే సారీ చెప్పాలి" అని ప్రతిసారీ అదే మాట మీద ఉండండి. చిందరవందర చేసిన పుస్తకాలు వాడే సర్దాలి. ఒలకబోసిన నీళ్లు వాడే తుడవాలి.

4. హీరోకు నియమాలు పెట్టండి, కానీ వాడి నోటితోనే

మనం పెట్టిన రూల్స్ హీరోలకు పట్టవు. "మంచి హీరో ఏం చేయకూడదు?" అని అడిగి వాడు చెప్పిందే రాయండి. మూడు చాలు. మా వాడివి ఇవి: ఎవరి మీదా చేయి వేయకూడదు. టీచర్ పేరు పిలవగానే హీరో చొక్కా జేబులోకి వెళ్లిపోవాలి. ఎవరైనా ఏడుస్తుంటే పరుగెత్తుకెళ్లి టీచర్‌కు చెప్పాలి. మూడోదే అసలు మందు. పరుగెత్తాలన్న ఆ తహతహకు అది ఒక దారి చూపింది.

నాలుగోది నాది, దాని మీద చర్చ లేదు. గోడ, మెట్లు, కిటికీ, బాల్కనీ, ఎక్కడి నుంచీ దూకకూడదు. తువ్వాలు మెడకు ముడి వేయొద్దు, జారుడుబల్ల దగ్గర చిక్కుకుంటే ఊపిరాడదు. లాగగానే ఊడిపోయే టిచ్ బటన్లు కుట్టించండి. తువ్వాలు ఇంట్లోనే ఉండాలి.

5. స్కూల్లో హీరోకు ఉద్యోగం ఇప్పించండి

అమెరికాలో 180 మంది నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలతో చేసిన ఒక పరిశోధన 2017లో 'చైల్డ్ డెవలప్‌మెంట్' పత్రికలో వచ్చింది. పిల్లలకు 10 నిమిషాల పాటు విసుగు పుట్టించే పని ఇచ్చారు. కావాలంటే మధ్యలో ట్యాబ్‌లో ఆట ఆడుకోవచ్చు. కొందరిని "నేను కష్టపడుతున్నానా?" అని తమను తాము అడుగుతూ ఉండమన్నారు, కొందరిని అదే ప్రశ్న తమ పేరు పెట్టి అడగమన్నారు. ఇంకొందరికి బ్యాట్‌మ్యాన్ లాంటి వేషం వేసి, "బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా?" అని అడగమన్నారు. అందరికంటే ఎక్కువసేపు పని మీద నిలిచింది వేషం వేసుకున్న పిల్లలే.

అందుకే హీరోను అల్లరికి వదిలేయకుండా పనిలో పెట్టండి. "సుడిగాలి మ్యాన్ డిక్టేషన్‌లో ఎన్ని పదాలు రాస్తాడో చూద్దామా?" అనండి. నోట్‌బుక్కులు పంచడం, లైను చివర నిలబడి తలుపు మూయడం లాంటి చిన్న పని ఇవ్వమని టీచర్‌ను కోరండి. హాజరు మాత్రం అసలు పేరుతోనే పిలవాలి.

డబ్బాలు లాక్కోవడం వంటి కారణం ఉంటే అది మీరే వెళ్లి టీచర్‌కు చెప్పండి. దాన్ని ఆపాల్సింది పెద్దవాళ్లు. ఎవరైనా గోడకుర్చీ వేయించినా, క్లాసు ముందు నవ్వులపాలు చేసినా ఊరుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. మర్యాదగానే, కానీ రాతపూర్వకంగా ప్రిన్సిపాల్‌కు చెప్పండి.

6. ఎప్పుడు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి?

నిజంగా ఎగరగలనని నమ్మి ఎత్తులు ఎక్కుతుంటే, ఎంత పిలిచినా ఆటలోంచి బయటకు రాలేకపోతే, దెబ్బలు తగిలేలా కొడుతుంటే, నిద్రా తిండీ చెడితే ఆలస్యం చేయొద్దు. పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా స్థాయి ప్రభుత్వ కేంద్రాల్లో (డీఈఐసీ) 18 ఏళ్ల లోపు పిల్లలను ఉచితంగా చూస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా పిల్లాణ్ణి హింసిస్తున్నారని అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చేయండి.

కొన్నాళ్లకు హీరో రావడం తగ్గుతుంది. మీరు గుర్తు చేయొద్దు, "ఏడిరా నీ సుడిగాలి మ్యాన్?" అని బంధువుల ముందు అడగొద్దు. తువ్వాలు ఉతికి వాడి బట్టల అరలోనే, వాడి చేతికి అందేలా పెట్టండి.